సభ్యుడు కాని మనిషి

తాను రాసిన అబద్ధం అచ్చులో కనిపించినప్పుడు మనిషి ముందు దేన్ని చూస్తాడు, అబద్ధాన్నా, తన వాక్యాన్నా?

నాగేంద్రబాబు తనను తాను ఈ ప్రశ్న అడుక్కునేసరికి ఉదయం ఆరున్నర. ప్రకటనను జిల్లా పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి వేశారు. చదివాక మొదట అతనికి కలిగింది సంతృప్తి. వాక్యం పొందికగా ఉంది. ఎక్కడా ఒక మాట ఎక్కువ లేదు. ఆ తర్వాతే, ఒక క్షణం ఆలస్యంగా, అందులోని పేరు చూశాడు.

'పొన్నూరు ఘటనకు బాధ్యుడైన పానకాలు అనే వ్యక్తి మా సంఘ సభ్యుడు కాదు. శిక్షణ, లైసెన్సు లేని ఇటువంటివారిని నమ్మి ప్రజలు మోసపోవద్దని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల సంఘం మీడియా కార్యదర్శి నాగేంద్రబాబు ఒక ప్రకటనలో కోరారు.'

ఆ వ్యక్తి భార్య వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది.

పేరమ్మ తొలి బస్సుకు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. పక్కన ఒక సంచి, సంచిలో ఉతికి మడతపెట్టిన లుంగీ, చొక్కా. మంగళవారం సాయంత్రం నుంచీ పొన్నూరు స్టేషన్‌లో ఉన్న భర్తకు అవి ఇవ్వనివ్వలేదట.

"కాఫీ తాగు పేరమ్మా," అంటూ నాగేంద్రబాబు తల్లి కోటిరత్నం గ్లాసు తెచ్చి మెట్టు మీద పెట్టింది.

"వద్దండి పెద్దమ్మగారూ. గొంతు దిగట్లా."

"దిగకపోతే దింపుకోవాలి. ఇయ్యాళ నువ్వు కూడా పడిపోతే ఆస్పత్రిలో మంచాలు లేవంట. తాగు."

పేరమ్మ తాగింది. గ్లాసు కింద పెట్టి, కిటికీ వెనకున్న నాగేంద్రబాబు వంక చూడకుండా, వీధికేసి చూస్తూ అడిగింది.

"బాబుగారండీ. సబ్యుడు కాదు అంటే ఏందండీ?"

అతను పేపరు మడిచాడు.

"కాదు, నాకు తెలవక అడుగుతున్నా. పదహారేళ్ళు మీ కాడ చేశాడు గదా. మీరిచ్చిన చొక్కా ఏసుకునే గదా పనికి పోయేది. జేబు మీద మీ కంపెనీ పేరు పోకుండా చేత్తో ఉతికేదాన్ని. బస్సులో కండక్టరు చదివి చెప్పాడు, పానకాలు ఎవరో ఈళ్ళకి తెలవదంట అని."

"తెలియదని రాయలేదు పేరమ్మా. సంఘంలో సభ్యత్వం లేదని రాశాం. సభ్యత్వం యజమానులకే ఉంటుంది. పనిచేసేవాళ్ళకు ఉండదు."

"అట్టాగా," అంది పేరమ్మ. కొంచెం ఆలోచించింది. "అయితే నిజమే రాశారన్నమాట."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అతను కోపం తెచ్చుకోగలిగేవాడు.

*

ఆ వాక్యం నిన్న పుట్టింది కాదు.

తొంభై ఎనిమిదిలో పత్తి పురుగు పాలై, రైతులు చేలల్లోనే ప్రాణాలు తీసుకుంటున్న రోజుల్లో, పేపర్లు పురుగుమందులు అమ్మినవాళ్ళనూ, ఇళ్ళలో చెదలకు మందు కొట్టేవాళ్ళనూ ఒకే గాటన కట్టాయి. అరండల్‌పేటలో నాగేంద్రబాబు దుకాణం అద్దాల మీద రాళ్ళు పడ్డాయి. ఆ వారమే పన్నెండుమంది కూడి సంఘం పెట్టుకున్నారు. నకిలీ మందు అమ్మిన ఒక డీలరు పేరు బయటికి రాగానే నాగేంద్రబాబు కూర్చుని రాశాడు: ఈ వ్యక్తి మా సంఘ సభ్యుడు కాదు. ఆనాడు అది పూర్తిగా నిజం. మర్నాడు దాన్ని అచ్చులో చూసుకున్నప్పుడు అతని కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఏ గొడవ వచ్చినా అదే రాశారు. విలేకరులు సాయంత్రం లోపల ప్రకటన కావాలంటారు. ఆలస్యమైతే మన మాట లేకుండానే వార్త వెళ్ళిపోతుంది. అందుకని మూడో ఏడు ఆ వాక్యాన్ని సంఘం కాగితం మీద ముందే అచ్చు వేయించి పెట్టుకున్నారు, పేరు రాసేచోట ఒక ఖాళీ గీత వదిలి. నిన్న మధ్యాహ్నం అతను చేసిందల్లా ఆ గీత మీద ఒక పేరు రాయడం.

నిజాన్ని ముందుగా అచ్చు వేయించి బీరువాలో దాచుకోవచ్చని మేమంతా ఎలా నమ్మాం, అనుకున్నాడు నాగేంద్రబాబు. ఒక వాక్యం ఎన్నోసారికి అబద్ధమవుతుంది? ఆ రోజు మనకు తెలుస్తుందా?

ఫోన్ మోగింది.

"చూశావా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు శ్రీకృష్ణ. "రెండు పేపర్లలో మనం రాసిచ్చింది రాసిచ్చినట్టే వేశారు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నీ చెయ్యి మంచిదయ్యా."

"అన్నా, పానకాలు భార్య వచ్చి కూర్చుంది."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"ఏమంటోంది?"

"సభ్యుడంటే ఏమిటని అడుగుతోంది."

"చెప్పబోకు. ఒకటి చెబితే రెండోది అడుగుద్ది. అన్నం పెట్టి పంపించు. ఇదిగో, పదకొండింటికి కేబుల్ టీవీ వాళ్ళమ్మాయి వస్తుంది. కెమెరా ముందు నాలుగు ముక్కలు బైట్ ఇవ్వు. ఒంటిగంట వార్తల్లో వేస్తారు. హైదరాబాదు నుంచి వచ్చినాయన టీవీవాళ్ళతో ఎట్లా మాట్లాడాలో మనకు నేర్పింది గుర్తుంది గదా. ప్రశ్న వాళ్ళదైనా జవాబు మనది. మూడే మాటలు. శిక్షణ, లైసెన్సు, సభ్యత్వం. నాలుగోది ఎత్తొద్దు. ఎన్నడూ 'తెలియదు' అనొద్దు."

"గోడౌను పక్క వీరమ్మకు ఎట్లా ఉంది?"

"కళ్ళు తెరవలేదింకా. పెద్దాస్పత్రిలో మన మనిషిని ఉంచాను." శ్రీకృష్ణ గొంతు తగ్గించాడు. "విను నాగేంద్రా. మిర్చి యార్డులో దిగుతోంది. గోడౌన్లన్నీ పురుగు పట్టకుండా గ్యాసు పెట్టించుకునే రోజులు. ఇప్పుడు కలెక్టరు గారు ఆపమన్నారంటే డెబ్బైమంది దుకాణాలు మూసుకుంటారు. వాళ్ళ కింద పానకాలు లాంటివాళ్ళు మూడొందల మంది. నేను చెప్పేది వాళ్ళకోసం."

అందులో అబద్ధం లేదు. శ్రీకృష్ణ చెడ్డవాడూ కాదు. రాళ్ళు పడిన రోజున నాగేంద్రబాబు దుకాణం ముందు చేతులు చాచి నిలబడ్డ మనిషి అతను. నుదుటి మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

"ఇంకోటి," అన్నాడు శ్రీకృష్ణ. "చెంచయ్య దగ్గరున్న నీ సంతకం తెల్ల కాగితం ఇక లేదు. పొయ్యిలోకి పోయింది. నీ తనిఖీ పుస్తకం ఇంట్లోనే ఉందా?"

"ఉంది."

"ఉండకూడదు," అని శ్రీకృష్ణ ఫోన్ పెట్టేశాడు.

*

చెంచయ్య పొన్నూరు పాత బజారులో బియ్యం వ్యాపారి. అతని గోడౌనులో సోమవారం సాయంత్రం పానకాలు గ్యాసు బిళ్ళలు పెట్టి, బస్తాల మీద పట్టా కప్పి, తలుపు సీలు చేశాడు. మంగళవారం ఉదయం ఆ గోడకు అవతలి గదిలో ఉండే వీరమ్మ లేవలేదు.

పానకాలు ఎక్కడికీ పారిపోలేదు. మా బాబుగారు సంతకం పెట్టారు, కాగితం ఉంది అని స్టేషన్‌లో చెప్పాడు. కాగితం ఏదని అడిగారు. తెల్లది చెంచయ్య దగ్గర, దాని పసుపు నకలు బాబుగారి పుస్తకంలో అన్నాడు. చెంచయ్య తనకేం తెలియదన్నాడు. బాబుగారేమో ఈ మనిషి మా సభ్యుడు కాదని ప్రకటన ఇచ్చారు. ఇక పానకాలు ఎవరి అనుమతీ లేకుండా విషం తెచ్చి పెట్టినవాడు అయ్యాడు. ఆ పసుపు కాగితం ఉన్నంతవరకే అతను యజమాని పంపితే వెళ్ళిన పనివాడు కాగలడు.

నాగేంద్రబాబు ముందుగదిలోకి వెళ్ళేసరికి పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది.

అతని భార్య జ్యోతిర్మయి కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముందు పుస్తకంతో పాటు కత్తిరింపుల ఫైలు కూడా ఉంది. ఐదేళ్ళుగా పేపర్లో సంఘం గురించి ఏ వార్త పడ్డా కత్తిరించి, మైదా జిగురుతో అంటించి, తేదీ వేసి ఉంచేది ఆమే. పెళ్ళి ఫోటోల ఆల్బమ్ కన్నా ఆ ఫైలే లావుగా ఉంటుందని నవ్వేది. నిన్న ప్రకటన ఇచ్చి వచ్చినప్పటి నుంచీ ఆమె అతనితో మాట్లాడలేదు.

"చదవండి," అంది.

"చదివాను జ్యోతీ."

"రెండూ పక్కపక్కన పెట్టి చదివారా?"

ఒకటి మంగళవారం పేపరు ముక్క. సోమవారం ఉదయం పదకొండింటికి గుంటూరులో సంఘం విలేకరుల సమావేశం. వేదిక మీద మాట్లాడుతున్న నాగేంద్రబాబు ఫోటో. వెనక బ్యానరు మీద 'భయం వద్దు, జాగ్రత్త చాలు'. రెండోది పుస్తకంలోని పసుపు కాగితం. స్థలం: చెంచయ్య బియ్యం గోడౌను, పొన్నూరు. లైసెన్సుదారు స్వయంగా తనిఖీ చేసిన సమయం: సోమవారం ఉదయం పదకొండు గంటలు. కింద అతని సంతకం, తీరుగా, తొందర లేనట్టు.

"పదకొండింటికి మీరెక్కడున్నారండీ?"

"నీకు తెలుసు."

"నాకు తెలుసు. పేపరుకు తెలుసు. ఫోటో కూడా వేశారు. ఇక తెలియనిది ఎవరికి?"

"అందరూ చేసేదే జ్యోతీ. డెబ్బైమందిలో ఒక్కడు కూడా ప్రతి గోడా వెళ్ళి చూడడు."

"ఆ మాటే రాయాల్సింది నిన్న."

అతను కూర్చున్నాడు. ఆమె వేలు కాగితం మీద కిందికి జరిగి ఒకచోట ఆగింది. పరిశీలనలు అన్న గడిలో, ఐదో తరగతి దాటని పెద్ద పెద్ద అక్షరాల్లో, పానకాలు రాసింది ఉంది.

'రెండిళ్ళకు ఒకటే గోడ. దూలం కాడ పొగ వొంగింది. పక్కన ముసలామె ఉంది.'

"ఇది చదివారా సంతకం పెట్టేముందు?"

"చదవలేదు," అన్నాడు. అది నిజం. నిజమే గాని దానికి విలువ లేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. పానకాలు నోటితో చెప్పాడు.

*

సోమవారం హాల్లో మైకు సరిచేస్తున్నారు. నాగేంద్రబాబు వేదిక మీద కూర్చుని తన పేరున్న అట్టముక్కను ముందుకు జరుపుకుంటున్నాడు. అప్పుడు పక్క తలుపులోంచి పానకాలు వచ్చాడు, చెప్పులు బయట విడిచి, పుస్తకం చంకలో పెట్టుకుని. యాభై దాటిన మనిషి. పొన్నూరులో గోడలు చూసుకుని, బస్సెక్కి సంతకం కోసం వచ్చాడు.

గోడ చూసే పద్ధతి పానకాలుకు నేర్పింది నాగేంద్రబాబు తండ్రి. ఏ శిక్షణలోనూ లేని పద్ధతి. ఒక అగరొత్తి వెలిగించి గోడ వెంబడి, నేల నుంచి కప్పు దాకా మెల్లగా నడిపించాలి. గాలి చొరని గోడ దగ్గర పొగ నిటారుగా లేస్తుంది. ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. లైసెన్సు ఉన్నవాడు ఆ పొగను తన కళ్ళతో చూడాలి. ఆ తర్వాతే సంతకం.

"బాబుగారూ, ఆ గోడ నాకు నచ్చలేదండి," అన్నాడు పానకాలు, వేదిక పక్కన వంగి నిలబడి. "పాత బజారు గదా, రెండిళ్ళకీ ఒకటే దూలం. దాని చుట్టూ సందుంది. మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటది."

"మట్టి పెట్టు."

"పెడతానండి. పచ్చి మట్టి, ఆరితే బీటిస్తది. పక్క గదిలో వీరమ్మని విస్తళ్ళు కుట్టుకునే ఆవిడ. ఒంటరిది. మూడ్రోజులు ఎక్కడన్నా పడుకోమని చెబుదామా?"

నాగేంద్రబాబు హాలు వంక చూశాడు. తొమ్మిదిమంది విలేకరులు వచ్చారు. ఇంతమంది ఎప్పుడూ రాలేదు.

"ఇయ్యాళా? నువ్వు ఆవిడకు చెబితే ఆవిడ వీధికి చెబుద్ది. సాయంత్రానికి ఎవడో ఒక విలేకరి అక్కడుంటాడు. రేపు మన ఫోటో పక్కనే అదీ వేస్తారు. మట్టి మందంగా మెత్తు, చాలు. నీకు తెలియనిదా?"

నీకు తెలియనిదా. మెచ్చుకున్నట్టు వినిపించే మాట. పానకాలు తల ఊపాడు.

నాగేంద్రబాబు పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాడు. సమయం అన్న గడి దగ్గర చేతి గడియారం చూసి, ఉన్నది ఉన్నట్టు పదకొండు అని వేశాడు. సంతకం పెట్టి, చెంచయ్యకిమ్మని తెల్ల కాగితం చింపి ఇచ్చి, పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు. మైకు పలికింది. లేచి, ప్రజల భద్రత గురించి పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు.

పానకాలు చివరి దాకా వెనక నిలబడి విన్నాడు. వెళ్ళేటప్పుడు, "బాగా చెప్పారండి," అన్నాడు.

*

"అమ్మాయి వచ్చేసరికి చొక్కా మార్చుకో," అంది కోటిరత్నం గుమ్మంలోంచి. "ఏం చెబుతావురా?"

"చూద్దాం."

"నువ్వు టీవీలో మాట్లాడుతుంటే నాకెప్పుడూ ఒక అనుమానం. నీ వెనక ఎవడో కూర్చుని చెబుతున్నట్టుంటది. నేను తెర దగ్గరికెళ్ళి చూశా కూడా ఒకసారి."

ఎవరూ నవ్వలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు కూడా.

"చెబుతాను," అన్నాడు నాగేంద్రబాబు భార్యతో.

"ఏది?" అంది జ్యోతిర్మయి.

జరిగింది అని అతను అనబోయాడు. కాని ఆ మాట వెంట పొన్నూరు స్టేషనూ, తన లైసెన్సూ, రేపటి పేపర్లో తన ఫోటో కింద వేసే శీర్షికా, మూసిన డెబ్బై దుకాణాలూ, శ్రీకృష్ణ నుదుటి మచ్చా వరసగా వచ్చి నిలబడ్డాయి. అతను చొక్కా మార్చుకోవడానికి లేచాడు.

సరిగ్గా పదకొండింటికి కేబుల్ టీవీ బండి వచ్చి ఆగింది. విలేకరి బిందుమాధవికి పాతికేళ్ళుంటాయి. వచ్చీ రాగానే గడియారం చూసుకుంది. కెమెరామన్ బుడాన్ వెలుతురు కోసం గుమ్మం దగ్గర నిలబడి వాకిట్లోకి చూశాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరుగుతావా. ఫ్రేములో పడుతున్నావు."

పేరమ్మ లేచి, సంచి తీసుకుని, కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది.

"ముప్పై సెకన్లు చాలు సార్," అంది బిందుమాధవి. "పొన్నూరు ఘటన మీద సంఘం ఏమంటుంది?"

మైకు అతని గడ్డం కిందికి వచ్చింది. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది.

నాగేంద్రబాబు నోరు తెరిచాడు. జరిగిందే చెప్పాలనుకున్నాడు. అనుకున్నానని తర్వాత కూడా ప్రమాణం చేయగలడు. కాని మొదటి మాట కోసం వెతికే లోపలే మాటలు వచ్చేశాయి, ఎవరో వెనక నుంచి అందిస్తున్నట్టు.

"పెస్ట్ కంట్రోల్ అనేది శిక్షణతో కూడిన వృత్తి. లైసెన్సు లేనివారు ఇలాంటి పనులు చేయడం వల్లే దురదృష్టకర సంఘటనలు జరుగుతున్నాయి. ప్రజలు మా సంఘంలో సభ్యత్వం ఉన్నవారి సేవలే పొందాలని కోరుతున్నాం. భయం వద్దు, జాగ్రత్త చాలు."

శిక్షణ. లైసెన్సు. సభ్యత్వం. తాను వాటిని ఆ వరసలోనే పలకడం అతను విన్నాడు. ఆపలేకపోయాడు. వాక్యం మధ్యలో ఎక్కడా సందు లేదు.

ఎర్ర చుక్క ఆరిపోయింది.

"చాలా బాగా వచ్చింది సార్," అంది బిందుమాధవి. "ఒక్క టేకు. మిగతావాళ్ళు నాలుగుసార్లు తీయించుకుంటారు."

జ్యోతిర్మయి ఫైలు మూసింది. కోటిరత్నం కొడుకు ముఖంలోకి చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

బయట నుంచి పేరమ్మ గొంతు వినిపించింది.

"అయిపోయిందాండి?"

"అయిపోయింది," అంది కోటిరత్నం.

"ఈసారి ఆయన పేరు కూడా చెప్పలా."

*

బుడాన్ తీగ చుడుతున్నాడు. నాగేంద్రబాబు అతని దగ్గరికి వెళ్ళి, కెమెరాను ముట్టుకోబోయి, ఆగాడు.

"అది చెరిపెయ్యమ్మా," అన్నాడు బిందుమాధవితో. "మళ్ళీ తియ్యి. నేను చెప్పింది తప్పు."

"ఏం తప్పు సార్? బాగానే ఉందిగా."

"ఆ పని నా లైసెన్సు మీద జరిగింది. సంతకం నాది. గోడ చూడకుండా పెట్టాను. పానకాలు చూడమన్నాడు."

బిందుమాధవి చేతిలోని మైకు కిందికి దిగింది. ఆమె అతన్నీ, బల్ల మీది పుస్తకాన్నీ, కిటికీనీ చూసింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరి చొక్కా సార్ ఆ సంచిలో? ఆయనదేనా?"

"ఆయనదే."

"మళ్ళీ తీస్తాను," అంది నెమ్మదిగా. "తీయమంటే ఇప్పుడే తీస్తాను. వేస్తారని మాత్రం చెప్పలేను. మా ఎండీ గారు శ్రీకృష్ణ గారికి తోడల్లుడు. మీ బైట్ ఒంటిగంట బులెటిన్‌లో మొదటిదని పొద్దున్నే చెప్పి పంపించారు. నేను ఖాళీ చేతులతో వెళ్తే పోయినసారి మీరిచ్చిన బైట్ తీసి వేస్తారు. అదీ ఇంతే కదా సార్. మాటలు కూడా ఇవే."

"ఇవే," అన్నాడు నాగేంద్రబాబు.

"పేపరు వాళ్ళకు చెప్పి చూడండి. సంఘం లెటర్‌హెడ్ మీద ఖండన ఇస్తే రేపు వేస్తారేమో."

"రేపు," అన్నాడు అతను. ఇవాళ సాయంత్రం పానకాలును కోర్టుకు తీసుకెళతారు.

వాళ్ళు వెళ్ళిపోయారు. బండి వీధి చివర మలుపు తిరిగేదాకా అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఆ బండిలో అతని ముఖం ఉంది, అతని గొంతు ఉంది. ఒంటిగంటకు అవి ఊరంతా అబద్ధం చెబుతాయి. ఐదేళ్ళు అతను నేర్చుకున్నదీ, పదిమందికి నేర్పిందీ ఇదే: మాటను ముందే తయారు చేసి ఉంచితే అది మనల్ని కాపాడుతుందని. అది ఎవరిని కాపాడుతుందో, ఎవరిని బయట కూర్చోబెడుతుందో అడగాలని తోచలేదు. ఇప్పుడు తోచింది. తోచి చేసేదేముంది? తన గొంతును తానే వెనక్కి పిలవలేని మనిషి ఇంకేం చేయగలడు?

గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది.

ఒంటిగంటకు టీవీలో తాను ఏమంటాడో అతను మార్చలేడు. ఒంటిగంటకు తాను ఎక్కడ ఉంటాడన్నది మాత్రం ఇంకా ఎవరూ అచ్చు వేయించలేదు.

నాగేంద్రబాబు లోపలికి వచ్చి పుస్తకం తీసుకున్నాడు. పసుపు కాగితాన్ని చింపబోయి మానుకున్నాడు. చింపిన కాగితం ఎక్కడిదైనా కావచ్చు. పుస్తకం మొత్తం పుస్తకంగానే వెళ్ళాలి.

జ్యోతిర్మయి మంగళవారం పేపరు ముక్కను ఫైల్లోంచి ఒలిచింది. మైదా పట్టు వదలక ఒక మూల చిరిగింది. ఫోటో చిరగలేదు. దాన్ని పుస్తకంలో ఆ పసుపు కాగితం దగ్గర పెట్టింది.

"సంతకం మీదేనా అంటారు."

"నాదే అంటాను."

"గోడ చూశారా అంటారు."

"చూడలేదంటాను."

"ఎందుకు చూడలేదంటే?"

అతను పేపరు ముక్కలోని తన ఫోటో వంక చూశాడు. ఆమె ఎదురుచూసింది.

"పేపరువాళ్ళ ముందు కూర్చున్నానంటాను."

"అప్పుడిక కేసు మీ మీదికి తిరుగుతుంది."

"తిరగాలి కదా."

ఆమె తల ఊపింది. గోడకున్న స్కూటరు తాళం తీసి అతని చేతిలో పెట్టింది. "మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అంది. అతను తాగాడు.

ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అతను దాని వంక చూశాడు. కోటిరత్నం అడ్డంగా వచ్చి నిలబడింది.

"నువ్వు పో. నేను మాట్లాడతా."

వాకిట్లో స్కూటరు మూడో తన్నుకు అందుకుంది. అతను కూర్చోమనగానే పేరమ్మ వెనక కూర్చుంది. పుస్తకం ఆమెకిచ్చాడు. దాన్ని ఆమె సంచిలో చొక్కాకూ లుంగీకీ మధ్య పెట్టి, సంచి రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

లోపలి నుంచి కోటిరత్నం గొంతు వినిపిస్తోంది. "వాడు లేడయ్యా శ్రీకృష్ణా. ఇప్పుడే వెళ్ళాడు. పొన్నూరు." కొంచెం ఆగి, "పుస్తకమా? అదీ వాడితోనే వెళ్ళింది."

"బాబుగారండీ," అంది పేరమ్మ అతని భుజం వెనక నుంచి. "ఇప్పుడన్నా ఈ చొక్కా ఇయ్యనిస్తారా?"

ఎన్నడూ అనవద్దని నేర్పిన మాట ఒకటి అతని నోటికి వచ్చింది.

"తెలియదు పేరమ్మా. గట్టిగా పట్టుకో," అని స్కూటరును పొన్నూరు రోడ్డు వైపు తిప్పాడు.